వెన్నెముక ఉన్నదో లేదో తేల్చడం ఎలా: సకశేరుకాలను, అకశేరుకాలను గుర్తించే పద్ధతి

జంతువులను వెన్నెముక ఉన్నవి, లేనివి అని రెండుగా విడదీయడం జీవశాస్త్రంలో విద్యార్థి నేర్చుకొనే తొలి పాఠాలలో ఒకటి. వెన్నెముక ఉన్నవి సకశేరుకాలు, లేనివి అకశేరుకాలు అన్న నిర్వచనాన్ని కంఠస్థం చేయడానికి ఎంతో సేపు పట్టదు. కాని తోటలో మట్టి తవ్వినప్పుడు బయటపడిన సన్నని జీవినో, సముద్రపు ఒడ్డుకు కొట్టుకువచ్చిన మెత్తని ముద్దనో చూపించి ఇది ఏ వైపుకు చెందుతుందని అడిగితే ఆ నిర్వచనం ఒక్కటే సరిపోదు, ఎందుకంటే వెన్నెముక చర్మం కింద, కండరాల నడుమ ఉంటుంది. బతికి ఉన్న జీవిని కోసి చూడడం సరికాదు, అవసరమూ లేదు. లోపల వెన్నెముక ఉన్న శరీరం బయటికి కొన్ని ఆనవాళ్ళను చూపుతుంది. వాటిని ఎలా పరిశీలించాలో, వేటిని నమ్మకూడదో, నిర్ణయం తరువాత ఏమి చేయాలో ఇక్కడ వివరిస్తాను.

దేనిని వెదకాలి

వెన్నెముక ఒకే కడ్డీ కాదు. కశేరువులు లేదా వెన్నుపూసలు అనే చిన్న భాగాలు ఒకదాని వెనుక ఒకటి కీళ్ళతో కూడి ఏర్పడిన దండం అది. ప్రతి పూసకూ వీపు వైపున ఒక రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రాలన్నీ కలిసి ఏర్పడిన గొట్టంలో మెదడు నుంచి బయలుదేరిన వెన్నుపాము సాగుతుంది. కాబట్టి వెన్నెముక శరీరానికి లోపలి ఆధారంగా నిలవడమే కాక, నాడీదండాన్ని కాపాడే పని కూడా చేస్తుంది. మనిషికి పుట్టినప్పుడు 33 పూసలు ఉంటాయి. కింది భాగంలోనివి కలిసిపోవడం వల్ల పెద్దయ్యేసరికి అవి 26 అవుతాయి. జిరాఫీ మెడ ఎంత పొడవైనదైనా అందులో ఉన్నవి మనిషి మెడలో ఉన్నట్లే 7 పూసలే, కాకపోతే ఒక్కొక్కటీ చాలా పొడవు. పాములలో పూసల సంఖ్య జాతిని బట్టి సుమారు 200 నుంచి 400 వరకు ఉంటుంది, అందుకే పాము ఏ మూలకైనా ఒంపు తిరగగలుగుతుంది.

పూసలు ఎముకతోనే తయారై ఉండాలన్న నియమం లేదు. సొరచేపల, టేకుచేపల అస్థిపంజరం అంతా ఎముకకన్నా మెత్తగా, కొంచెం వంగేలా ఉండే మృదులాస్థితో ఏర్పడుతుంది. అయినా వాటిలో పూసల వరుస స్పష్టంగా ఉంటుంది కనుక అవి నిస్సందేహంగా సకశేరుకాలే. అంటే మనం వెదకవలసింది ఎముక అన్న పదార్థాన్ని కాదు, వీపు వైపున నాడీదండాన్ని చుట్టి ఉన్న పూసల వరుసను.

వంటింట్లో చేపను, రొయ్యను పోల్చి చూడడం

ఈ విషయాన్ని చేతికి అందేలా తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. కూరకు తెచ్చిన చేప, రొయ్య చాలు. పిల్లలకు ఈ పాఠం చెప్పేవారెవరైనా పుస్తకంలోని బొమ్మకన్నా ముందు ఈ రెండింటినీ పళ్ళెంలో పెట్టి చూపించాలని నా గట్టి అభిప్రాయం.

చేపను తోక వైపున అడ్డంగా కోసిన ముక్కను తీసుకొని నడుమ ఉన్న ముల్లును పరిశీలించండి. గుండ్రని పూస పైభాగాన, అంటే వీపు వైపున, చిన్న కమాను ఆకారం, అందులో తెల్లని మెత్తని పోగు కనిపిస్తాయి. ఆ పోగే వెన్నుపాము. పూస కింద మరో కమానులో రక్తనాళాలు ఉంటాయి. పొట్ట భాగం నుంచి కోసిన ముక్కలో పూస కింద పేగులు ఉండే ఖాళీ ఉంటుంది. చేప గుండె మొప్పలకు దగ్గరగా, గొంతు కింది వైపున ఉంటుంది.

ఇప్పుడు రొయ్యను ఒలవండి. వీపు వెంట నల్లని దారం వంటిది కనబడుతుంది. వండేవారు దానిని నరం అని తీసిపారేస్తారు గాని అది నిజానికి పేగు. అసలు నాడీదండం రొయ్య పొట్ట వైపున, కాళ్ళు అతుక్కొని ఉన్న చోటుకు కాస్త పైన, తెల్లని సన్నని తాడులా అక్కడక్కడ ముడులతో సాగుతుంది. రొయ్య గుండె తలభాగపు పెంకు కింద, వీపు వైపున ఉంటుంది. అంటే వీపు నుంచి పొట్టకు దిగుతూ చూస్తే చేపలో ముందు నాడీదండం, తరువాత పేగు, అడుగున గుండె వస్తాయి. రొయ్యలో ఈ వరుస పూర్తిగా తలకిందులై గుండె పైన, నాడీదండం అడుగున ఉంటాయి. వానపాములోనూ, కీటకాలలోనూ నాడీదండం పొట్ట వైపునే ఉంటుంది. పైగా అది గట్టి తాడు వంటిది, సకశేరుకాలలోలాగా లోపల బోలుగా ఉండదు.

ఈ తలకిందుల అమరికను 1822లో ఫ్రెంచ్ జంతుశాస్త్రవేత్త జోఫ్రువా సాంతిలేర్ సముద్రపు పెద్ద రొయ్యను కోసి చూసి ఎత్తిచూపారు. దానిని వెల్లకిలా తిప్పితే అవయవాల అమరిక సకశేరుకాన్ని పోలుతుందని ఆయన వాదించినప్పుడు చాలామంది ఒప్పుకోలేదు. 1990లలో ఈగ, కప్ప పిండాలపై జరిగిన జన్యు పరిశోధనలలో, కప్పలో వీపు భాగాన్ని నిర్ణయించే జన్యువుకు సమానమైనది ఈగలో పొట్ట భాగాన్ని నిర్ణయిస్తున్నట్లు తేలిన తరువాత ఆ పాత ఆలోచనకు మళ్ళీ గౌరవం దక్కింది. వెన్నెముక ఉండడం, లేకపోవడం అన్నది ఒక్క అవయవానికి సంబంధించిన తేడా కాదనీ, మొత్తం శరీర నిర్మాణంలోనే ఉన్న తేడా అనీ ఈ పోలిక వల్ల అర్థమవుతుంది.

బయటి నుంచి చూసి తేల్చే క్రమం

మొదట కాళ్ళు లెక్కపెట్టండి. ఏ సకశేరుకానికీ రెండు జతలకు మించి కాళ్ళుచేతులు ఉండవు. పక్షుల రెక్కలు, గబ్బిలం రెక్కలు, తిమింగలం ముందరి తెడ్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఆరు కాళ్ళ చీమ, ఎనిమిది కాళ్ళ సాలీడు, తేలు, పది కాళ్ళ పీత, ఇంకా ఎన్నో కాళ్ళున్న జెర్రి, రోకలిబండ అన్నీ ఈ ఒక్క ప్రశ్నతోనే అకశేరుకాలుగా తేలిపోతాయి. మనకు రోజూ కనిపించే జీవులలో ఎక్కువ భాగం ఇక్కడే విడిపోతాయి కనుక ఈ పరీక్షనే ముందు పెట్టాలి. అయితే కాళ్ళు లేకపోవడం దేనికీ రుజువు కాదు: పాముకూ లేవు, జలగకూ లేవు.

తరువాత నోటిని గమనించండి. సకశేరుకాల దవడలు పైకీ కిందికీ కదులుతాయి. మిడత, చీమ, పేడపురుగు వంటి నమిలే కీటకాల దవడలు పక్కలకు తెరుచుకొని పక్కల నుంచే మూసుకుంటాయి. మిడత ఆకును తింటున్నప్పుడు కాసేపు దగ్గరగా చూస్తే ఇది తెలుస్తుంది.

మూడవది తోక. మలద్వారం దాటిన తరువాత కూడా కండరాలతో, పూసలతో శరీరం కొనసాగితే దానినే జీవశాస్త్రంలో నిజమైన తోకగా లెక్కిస్తారు. పాముకు, బల్లికి, చేపకు అటువంటి తోక ఉంటుంది. వానపాముకు మలద్వారం శరీరపు చిట్టచివరన ఉంటుంది, కాబట్టి దానికి తోక లేనట్లే. తేలు కొండిలా ఎత్తే భాగాన్ని మనం తోక అంటాం గాని దాని మలద్వారం విషపు ముల్లుకు కాస్త ముందు, ఆ భాగపు చివరనే ఉంటుంది; అంటే అది తోక కాదు, పొట్ట కొనసాగింపే.

నాలుగవది శరీరపు పొడవు. వెన్నెముక ఉన్న శరీరం వంగుతుంది, మెలి తిరుగుతుంది, ఉబ్బుతుంది, కాని దాని పొడవు పెద్దగా మారదు, ఎందుకంటే పూసలు కుదించుకుపోవు. వానపాము, జలగ, నత్త పాదం తమ పొడవును సగానికి తగ్గించుకోగలవు, మళ్ళీ సాగగలవు. కాళ్ళు లేని జీవుల విషయంలో ఇంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు.

ఐదవది గట్టి భాగం ఎక్కడ ఉన్నదన్నది. పీతకు, బొద్దింకకు అస్థిపంజరం శరీరం బయటే ఉంటుంది, కండరాలు దానికి లోపలి నుంచి అతుక్కొని ఉంటాయి. అందువల్ల అవి పెరగాలంటే కాళ్ళతో, కళ్ళ మీది పొరతో సహా మొత్తం కవచాన్ని విడిచి, కొత్తది గట్టిపడే దాకా మెత్తగా, నిస్సహాయంగా దాగి ఉండాలి. పాము విడిచే కుబుసం ఇటువంటిది కాదు; అది చర్మం మీది నిర్జీవమైన పలుచని పొర మాత్రమే, అస్థిపంజరం లోపల యథాతథంగా ఉండి శరీరంతోపాటు పెరుగుతుంది.

నమ్మకూడని ఆనవాళ్ళు

రక్తపు రంగును ఆధారంగా తీసుకోవద్దు. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో అరిస్టాటిల్ జంతువులను రక్తం ఉన్నవి, లేనివి అని విడదీశారు. ఆ విభజన ఈనాటి సకశేరుక, అకశేరుక విభజనకు చాలా దగ్గరగా ఉన్నా దాని ఆధారం నిలవదు. వానపాము రక్తం ఎర్రగానే ఉంటుంది. దానిలో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్ ఎర్ర కణాలలో కాక నేరుగా ప్లాస్మాలో, అంటే రక్తపు ద్రవభాగంలో, కరిగి ఉంటుంది. పీతల, రొయ్యల రక్తంలో రాగి కలిగిన హీమోసయనిన్ ఉంటుంది కనుక గాలి తగిలినప్పుడు అది లేత నీలి ఛాయ చూపుతుంది.

పరిమాణం కూడా మోసగిస్తుంది. పాపువా న్యూగినీలో కనుగొని 2012లో వర్ణించిన ఒక కప్ప పొడవు 8 మిల్లీమీటర్లకు లోపే, మన ఇంటి బొద్దింకకన్నా చాలా చిన్నది, అయినా సకశేరుకమే. లోతైన సముద్రాలలోని పెద్ద స్క్విడ్లు 10 మీటర్లు దాటి పెరుగుతాయి, అయినా వాటిలో ఒక్క పూస కూడా లేదు. తెలివిని కొలమానంగా తీసుకోవడం మరీ పొరపాటు. మూతలు తెరవగల, దారులు గుర్తుపెట్టుకోగల ఆక్టోపస్ నత్తలకు, ఆల్చిప్పలకు బంధువు. ఇక పేర్ల సంగతి: జెల్లీఫిష్, నక్షత్రచేప, కటిల్‌ఫిష్ పేర్లలో చేప ఉన్నా అవి చేపలు కావు, పాము అన్న మాట తగిలించుకున్న వానపాము పామూ కాదు, అదే మాట చేరిన మలుగుపాము మాత్రం పూసలున్న అసలైన చేప.

మట్టిలో దొరికే మూడు జీవులు

అత్యంత జాగ్రత్తగా చూడవలసినది మట్టిలో బతికే సన్నని, కాళ్ళు లేని జీవుల విషయం. వానపాము అందరికీ తెలిసినదే. దాని ఒడలు తడిగా ఉంటుంది, ఉంగరాల వంటి ఖండితాలు తల నుంచి చివర దాకా కనిపిస్తాయి, ఎదిగిన వానపాములో ముందు భాగాన కాస్త దళసరిగా, వేరే రంగులో పట్టీ వంటి భాగం ఉంటుంది. కళ్ళు లేవు, నాలుక బయటికి రాదు, కదిలేటప్పుడు శరీరం ఒకచోట లావై మరొకచోట సాగుతుంది.

రెండవది గుడ్డిపాము. పూలకుండీలలో, తడి మట్టిలో, రాళ్ళ కింద దొరికే ఈ ముదురు గోధుమరంగు జీవి సాధారణంగా 15 సెంటీమీటర్ల లోపే ఉంటుంది కనుక చాలామంది దీనిని వానపాము అనుకుంటారు. కాని దీని ఒంటి నిండా నున్నని, మెరిసే పొలుసులు ఉంటాయి; ఒడలు పొడిగా ఉంటుంది; తల మీద పొలుసుల కింద రెండు నల్లని చుక్కల్లా కళ్ళు కనిపిస్తాయి; చిన్న నాలుక బయటికి వచ్చి పోతూ ఉంటుంది; తోక చివర ఒక చిన్న ముల్లు ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇది ఎంత గిలగిలలాడినా దీని పొడవు మారదు. చీమల, చెదపురుగుల గుడ్లను, పిల్లలను తినే ఈ పాముకు విషం లేదు. ఈ జాతిలో అన్నీ ఆడవే; మగదాని అవసరం లేకుండానే అవి సంతానాన్ని పొందుతాయి, అందువల్లే కుండీ మట్టితో పాటు ఒక్క పాము చేరినా చాలు, కొత్త దేశంలో స్థిరపడగలుగుతుంది. ఈ జాతికి శాస్త్రీయ నామం పెట్టడానికి ఆధారమైన నమూనా విశాఖపట్నానిదే. కోరమాండల్ తీరపు పాములపై స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1796లో ప్రచురించిన గ్రంథంలో దీనిని రెండు తలల పాము అన్న తెలుగు పేరుతోనే బొమ్మతో సహా వర్ణించారు, ఆ వర్ణనను ఆధారం చేసుకొని ఫ్రెంచ్ శాస్త్రవేత్త డోడాన్ 1803లో దానికి పేరు పెట్టారు. తెలుగు నేల మీద జంతువుల గురించి రాసే పాఠాలలో దీనికి చోటు దక్కకపోవడం నాకు వెలితిగానే కనిపిస్తుంది.

మూడవది సిసీలియన్, ఇక్తియోఫిస్ వంటి కాళ్ళు లేని ఉభయచరం. పశ్చిమ కనుమల్లో ఎక్కువగా, తూర్పు కనుమల్లో అరుదుగా కనబడే ఈ జీవికి వానపాముకు ఉన్నట్లే తడి చర్మం, ఉంగరాల వంటి మడతలు ఉంటాయి, కాబట్టి చర్మం ఒక్కటే చూస్తే తప్పకుండా పొరపడతాం. నోటిని చూడాలి: పైకీ కిందికీ కదిలే దవడలు, వాటిలో సన్నని పళ్ళు ఉంటాయి. కంటికి, ముక్కురంధ్రానికి మధ్య పరిసరాలను తడిమి తెలుసుకొనే చిన్న స్పర్శక కూడా ఉంటుంది. ఇది సిసీలియన్లకు మాత్రమే ఉన్న అవయవం.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. సన్నని పాము పిల్ల దొరికినప్పుడు అది గుడ్డిపాము అని పూర్తిగా తెలియకుండా చేత్తో పట్టుకోవద్దు. విషసర్పాల పిల్లలు కూడా సన్నగానే ఉంటాయి. దూరం నుంచి ఫోటో తీసి పరిశీలించడం మేలు.

గుల్లలు, డిప్పలు

తాబేలు డిప్పనూ, నత్త గుల్లనూ ఒకే రకమని భావించడం తరచుగా జరిగే పొరపాటు. తాబేలు పైడిప్పను లోపలి వైపు నుంచి చూస్తే నడుమ పూసల వరుస, దానికి రెండు వైపులా పక్కటెముకలు డిప్పతో ఏకమై ఉండడం కనిపిస్తుంది. అంటే తాబేలు డిప్ప నుంచి బయటికి రావడం అసాధ్యం. నత్త గుల్ల శరీరం పైపొర స్రవించిన సున్నపు పదార్థం, దానిలో పూసలేవీ ఉండవు, జంతువు ఒక కండరంతో మాత్రమే దానిని అంటిపెట్టుకొని ఉంటుంది. ఒడ్డున దొరికే తెల్లని, తేలికైన సముద్రఫేనం చూడడానికి ఎముకలా ఉన్నా అది కటిల్‌ఫిష్ లోపలి గుల్లే.

అనుమానం వస్తే వెనిగర్ చుక్కలు వేసి చూడవచ్చు. గుల్లలు, సముద్రఫేనం కాల్షియం కార్బొనేట్‌తో తయారైనవి కనుక వెంటనే బుడగలు వస్తాయి. ఎముకలో ప్రధానంగా ఉన్నది కాల్షియం ఫాస్ఫేట్, కొల్లాజెన్ అనే ప్రోటీన్. దాని మీద వేస్తే బుడగలు దాదాపు రావు, చాలా రోజులు నానబెడితే మాత్రం అది మెత్తబడుతుంది. చనిపోయిన జంతువుల అవశేషాలను గుర్తించడానికే ఈ పరీక్ష పనికివస్తుంది, బతికి ఉన్న జీవి మీద చేయకూడదు.

సరిహద్దున ఉన్న జీవులు

పిండదశలో ప్రతి సకశేరుకానికీ వెన్నెముక కంటే ముందు పృష్ఠవంశం అనే మెత్తని కడ్డీ ఏర్పడుతుంది. తరువాత దాని స్థానంలో పూసలు వస్తాయి, దాని శేషం మనిషిలో పూసల మధ్య ఉండే డిస్కుల నడుమ మిగులుతుంది. కొన్ని జీవులకు పృష్ఠవంశం ఉంటుంది గాని పూసలు ఎన్నటికీ ఏర్పడవు. లోతు తక్కువైన సముద్ర జలాలలో ఇసుకలో దాగి ఉండే, చిన్న చేపను పోలిన ఆంఫియాక్సస్ అటువంటిది. రాళ్ళకు, పడవల అడుగుకు సంచిలా అతుక్కొని ఉండే అసిడియన్‌ను ఒకప్పుడు ఆల్చిప్పల బంధువుగా లెక్కించేవారు. 1866లో రష్యన్ శాస్త్రవేత్త కొవలెవ్‌స్కీ దాని డింభకం, అంటే ఎదగని పిల్లరూపం, తోకకప్పలా ఉండి, తోకలో పృష్ఠవంశం కలిగి ఉంటుందని చూపించారు. ఈ రెండూ సకశేరుకాలతో పాటు, పృష్ఠవంశం ఉన్న జీవుల వర్గమైన కార్డేటాలోకే వస్తాయి, కాని పూసలు లేవు కనుక అకశేరుకాలు. కాబట్టి కార్డేటా అన్నా సకశేరుకాలు అన్నా ఒక్కటేనని రాయకూడదు. పుర్రె ఉండి పూసలు నామమాత్రంగా మిగిలిన, మలుగుపామును పోలిన సముద్రజీవి హాగ్‌ఫిష్ గురించి చాలాకాలం వాదోపవాదాలు నడిచాయి. జన్యు ఆధారాలను బట్టి ఈనాడు దానిని సకశేరుకాలలోనే చేరుస్తున్నారు.

తేల్చిన తరువాత

సకశేరుకమని తేలితే తరువాతి పని సులువు. చేపలు, ఉభయచరాలు, సరీసృపాలు, పక్షులు, క్షీరదాలు అన్న ఐదు విభాగాలలో ఏదో ఒకటి, దానిని పాఠ్యపుస్తకాలు చక్కగానే వివరిస్తాయి. అకశేరుకమని తేలితే మాత్రం పని అప్పుడే మొదలవుతుంది. ఇంతవరకు శాస్త్రవేత్తలు వర్ణించిన జంతుజాతులలో సకశేరుకాలు నూటికి ఐదు వంతులు దాటవు, వాటిలోనూ దాదాపు సగం చేపలే. కీటకాలు ఒక్కటే సుమారు 10 లక్షల జాతులు. తరగతి గదిలో నల్లబల్ల మీద రెండు సమానమైన గడులు గీసి ఒక దానిలో ఆవు, పావురం, ఇంకొక దానిలో ఈగ, నత్త అని రాసినప్పుడు విద్యార్థి మనస్సులో ఈ నిష్పత్తి తారుమారవుతుంది.

అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. సకశేరుకాలన్నీ ఒకే పూర్వీకుని సంతతి. అకశేరుకాలు అటువంటి కుటుంబం కావు, పూసలు లేవన్న ఒక్క కారణంతో ఒకచోట చేర్చినవి. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ జంతువులను ఆరు విభాగాలు చేసినప్పుడు నాలుగు విభాగాలు సకశేరుకాలకే ఇచ్చి, మిగిలిన జంతుప్రపంచాన్నంతా కీటకాలు, పురుగులు అన్న రెండింటిలో సర్దారు. పారిస్ మ్యూజియంలో ఆ నిర్లక్ష్యానికి గురైన జీవులను అధ్యయనం చేసే బాధ్యతను స్వీకరించిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త లామార్క్, 1801లో ప్రచురించిన గ్రంథంలో వాటిని వెన్నుపూసలు లేని జంతువులుగా పేర్కొని మరిన్ని తరగతులుగా విడదీశారు. ఈనాటి ఆధారాల ప్రకారం నక్షత్రచేప పీతకంటే మనిషికే దగ్గరి బంధువు. రెండింటినీ అకశేరుకాలు అని ఒకే మాటతో వదిలేస్తే ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

అందువల్ల అకశేరుకాన్ని నమోదు చేసేటప్పుడు దాని వర్గాన్ని కూడా తప్పక రాయాలి. శరీరమంతా రంధ్రాలతో ఒకచోట అతుక్కొని ఉంటే పోరిఫెరా, కుట్టే కణాలున్న స్పర్శకాలతో మెత్తగా ఉంటే నిడేరియా, రిబ్బనులా బల్లపరుపుగా ఉంటే ప్లాటీహెల్మింథిస్, ఖండితాలు లేకుండా గుండ్రని దారంలా ఉంటే నెమటోడా, ఉంగరాల వంటి ఖండితాలతో ఉంటే అనెలిడా, కీళ్ళున్న కాళ్ళు, బయటి కవచం ఉంటే ఆర్థ్రోపోడా, ఖండితాలు లేని మెత్తని శరీరానికి కండర పాదమో గుల్లో ఉంటే మొలస్కా, ముళ్ళతో కూడిన చర్మం, ఐదు వైపులా విస్తరించిన శరీరం, నీటితో పనిచేసే గొట్టాల వంటి పాదాలు ఉంటే ఇఖైనోడర్మేటా అని ప్రాథమికంగా రాసుకోవచ్చు. ప్రతి నమోదులోనూ తేదీ, స్థలం, దొరికిన చోటు తడిదా పొడిదా అన్న వివరం, ఏ ఆనవాలును బట్టి నిర్ణయించారో ఆ కారణం ఉండాలి. ఫోటో తీస్తే వీపు, పొట్ట, తలభాగం మూడూ విడివిడిగా కనిపించేలా, పక్కన ఒక స్కేలు పెట్టి తీయాలి. ఆనవాళ్ళు ఒకదానికొకటి పొసగనప్పుడు ఊహించి ఏదో ఒక వైపు చేర్చకుండా నిర్ధారణ కాలేదని రాసి, ఫోటోలను దగ్గరలోని కళాశాల జంతుశాస్త్ర విభాగానికి చూపించండి.